బుడన్‌బీ తెచ్చిన జాకీ స్టాండ్లు

పెనుకొండలో బుడన్‌బీతో వాదన పెట్టుకుని గెలిచినవాళ్లు తక్కువ. ఓడిపోయామని ఒప్పుకున్నవాళ్లు ఇంకా తక్కువ. పాత ఓమ్నీ వ్యాను తనే నడుపుతూ రోజూ ఏడుగురు ఆడవాళ్లను ధర్మవరం చీరల అంగళ్లలో పనికి తీసుకుపోయి, సాయంత్రం ఇళ్లకు చేరుస్తుంది. ఆ బండి వాళ్ల నాయన అమీర్‌సాబ్‌ది. ఆరేళ్ల కిందట ఆయన జాకీతో బండిని లేపి, కింద రాళ్లు పేర్చి, ఆయిలు మార్చడానికి దూరాడు. ఒక రాయి పగిలింది. కుడిచెయ్యి నలిగిపోయింది.

"నా నసీబు," అన్నాడాయన ఆస్పత్రిలో. ఇప్పటికీ అదే మాట. అది విన్నప్పుడల్లా బుడన్‌బీకి ఒళ్లు మండుతుంది. పగిలింది రాయి అయితే నసీబును తిట్టడం ఎందుకు?

అంత జరిగినా ఇంట్లో ఎవరికీ బుద్ధి రాలేదు. సర్వీసు చేసినప్పుడల్లా తమ్ముడు రఫీక్ మళ్లీ రాళ్లే పేరుస్తాడు. "ఆ రాయికి ముందే పగులుండాదక్కా. ఇవి గట్టివి," అంటాడు.

అంగళ్లకు సెలవొచ్చిన రోజు, రాళ్లకు బదులు లేపిన బండిని మోసే ఇనుప జాకీ స్టాండ్లు కొనడానికి ఆమె హిందూపురం బస్సెక్కింది. "నేనొచ్చేదాకా బండి ముట్టుకోవద్దు," అని తమ్ముడికి మరీ మరీ చెప్పింది.

స్పేర్ పార్టుల అంగడి లక్ష్మీకాంత్ ఆమెను ఎగాదిగా చూశాడు. "జాకీ స్టాండ్లా? ఇంట్లో మగోళ్లను పంపక్కా. నీకు తెలీదు."

"మగోళ్లకు తెలిసింటే మా నాయన చెయ్యి బాగుండేది. దించప్పా, నేనే చూస్తా."

ముందు ఎత్తుగా నిగనిగలాడేవి దించాడు. ఆమె సంచిలోంచి టేపు తీసి కొలిచింది. "పూర్తిగా కిందికి దించినా పదహారు అంగుళాలుండాది. నా జాకీ అంత లేపదు. వీటిని నా నెత్తిన పెట్టుకోవాల్నా?"

తర్వాత తేలికవి తెచ్చాడు. తిరగేసి చూస్తే వెల్డింగ్ ముద్దలు ముద్దలుగా ఉంది. బరువు లెక్క ఎక్కడా రాసిలేదు.

"ఇది ఎంత మోస్తాది?"

"ఎంతైనా మోస్తాదక్కా."

"ఎంతైనా మోసే రాళ్లు మా ఇంట్లోనే ఉండాయి. ఇంకోటి చూపించు."

మూడోసారి వచ్చినవాటి కాళ్లు వెడల్పుగా ఉన్నాయి. పైన బండి అంచు కూర్చునే గాడి ఉంది, ఎత్తు నిలబెట్టే లావుపాటి పిన్ను ఉంది. జతకు రెండు టన్నులని అచ్చుపోసి ఉంది. అంటే ఒక్కోటి ఒక టన్ను. తన బండికి ఎక్కువే. డబ్బిచ్చి, వాటిని సంచిలో వేసి భుజానికెత్తుకుని మళ్లీ బస్సెక్కింది.

వీధి మలుపు తిరగ్గానే బండి కిందనుంచి బయటికున్న రెండు కాళ్లు కనిపించాయి. రఫీక్‌వి. బండి రాళ్ల మీదుంది. బుడన్‌బీకి కోపం ముంచుకొచ్చింది.

"ఏమక్కా, ఇనుము మోసుకొస్తాండావు? మన రాళ్లకేమొచ్చింది?" పక్కింటి నరసింహులు నవ్వాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. బండికి రెండడుగుల దూరంలో నిలబడింది. "రఫీ, రాళ్లు గట్టివే కదా? నేనిప్పుడు బండెక్కి కూర్చోని తలుపు దబాల్న ఏస్తా. నువ్వు ఆడే పండుకో."

కాళ్లు కదిలాయి. రఫీక్ పాక్కుంటూ బయటికొచ్చి, అక్క మొహం చూడకుండా చేతులు తుడుచుకున్నాడు. నరసింహులు కూడా నవ్వు ఆపేశాడు.

బుడన్‌బీ జాకీ పెట్టి బండిని కొంచెం లేపి రాళ్లు లాగేసింది. వాటిని వెనక చక్రాలకు అడ్డంగా పెట్టింది. వాటికి తగిన పని అదే. ఒక స్టాండు నిలబెట్టి, రెండోదాని పిన్ను కోసం చెయ్యి చాచింది.

పిన్ను అక్కడ లేదు. ఇంతసేపూ అరుగు మీద కూర్చున్నవాడు ఎప్పుడు దిగాడో, అమీర్‌సాబ్ దాన్ని ఎడం చేత్తో పట్టుకుని ఉన్నాడు. నెమ్మదిగా వంగి, రంధ్రంలో చివరిదాకా దూర్చి, వేలితో ఒకసారి కదిపి చూశాడు.

"నసీబు కాదులేమ్మా," అన్నాడు. "రాయే."

బుడన్‌బీ స్టాండ్ల మీదికి బండిని దించి, రెండు చేతులా గట్టిగా ఊపింది. కదల్లేదు. తమ్ముడి చేతిలోని స్పానరు లాక్కుని తనే కిందికి దూరింది.