విప్పి చూడని చక్రాలు

నా తర్వాత చెప్పేవారుండరు గనుక దీనిని రాసిపెడుతున్నాను. యాభై ఏడులో, యాత్రికులను ఆళ్లగడ్డ నుంచి అహోబిలం చేర్చడానికి నేనూ, తమ్ముడు ఓబులేసూ ఒక పాత జీపు కొనదలచాము. నడపవలసినవాడు తమ్ముడు. పరీక్షకు నంద్యాల నుంచి మెకానిక్కు మస్తాన్‌ను పిలిపించాను.

"ఇంజను గట్టిదేనప్పా. చక్రాలు ఇప్పితేగానీ బ్రేకుల సంగతి చెప్పలేను," అన్నాడు మస్తాన్.

"రాహుకాలం వస్తాంది. ఆలోపల సంతకాలు కావల్ల," అన్నాను.

తమ్ముడు నవ్వాడు. "బండి కొంటాండామా, పెండ్లి చేస్తాండామా అన్నా? ఇప్పనీలే."

నేను వినలేదు. ఇంజను బాగుందని మస్తాన్ చేత కాగితం రాయించుకొని, అది బండి మొత్తానికీ హామీ అనుకొని, కొన్నాను.

నాలుగో రోజు అహోబిలం వాలులో బ్రేకు పడలేదు. యాత్రికులను దూకమని అరిచి, తమ్ముడు జీపును బండకేసి తిప్పాడు. అందరూ బతికారు. వాడొక్కడే పోయాడు.

నేటికీ బస్సు వాలు దిగుతుంటే, కూర్చున్నచోటే నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతుంది.

నాటివారెవరైనా ఉంటే, వివరాలలోని పొరపాట్లు దిద్దవలసిందిగా ప్రార్థన. తప్పు నాది కాదని మాత్రం దిద్దవద్దు.