తుండుగుడ్డ కింది ధర

ఏకాంబరం ఆ ధరను పైకి ఎందుకు చెప్పాడు? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తెలియక అన్నాడనుకోవడానికి వీల్లేదు. చిత్తూరు బెల్లం మండీలో బేరం నడుస్తుండగా ధర నోటితో చెప్పకూడదన్న కట్టుబాటు మీద, తన పరిశోధన కోసం ఒక అధ్యాయమంతా రాసినవాడు అతనే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అది. ఇద్దరం ఒకే హైస్కూల్లో పంతుళ్లం. ఏకాంబరం అన్న దేవరాజులు మండీలో దళారి. తమ్ముడు ఆ ఇంట్లోనే ఉండేవాడు. వ్యాపార నిర్వహణ మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకోవాలని అతని పట్టుదల. పెళ్లి కూడా ఆ తర్వాతే అన్నాడు. అప్పట్లో ఆ పేరుతో శాఖే లేదు. మద్రాసులో కామర్సు కింద చేరాలి. సెలవొస్తే మండీలోనే కూర్చునేవాడు.

"డాక్టరు సామీ, మా ఎద్దుకు కడుపుబ్బరంగా ఉండాది, రవంత నాడి సూడప్పా" అని బండ్లవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. అతనూ నవ్వేవాడు.

చేరడానికి ఎం.ఏ.లో రెండో తరగతి ఉండాలి. పరీక్షల్లో టైఫాయిడ్ తగిలి అతనికి మూడో తరగతి వచ్చింది. అలాంటివాళ్లకు ఒక్కటే దారి: పర్యవేక్షించే ఆచార్యుడు స్వయంగా చూసి, విషయం పరిశోధనకు తగినదని రాసివ్వాలి. మూడో తరగతివాణ్ణి చూడటానికి ఒప్పుకున్నది సుందరరాజుగారొక్కరే. ఆయన ఆ వేసవికి ఉద్యోగం విరమిస్తున్నారు; రాసిచ్చేది ఏదైనా అంతలోపే. తిరుమల దర్శనానికి వెళుతూ చిత్తూరులో ఒక పూట ఆగుతానని కబురు పంపారు.

ఆ ఉదయం నేనూ వెంట వెళ్లాను. ఆచార్యులవారికి చూపించడానికని దేవరాజులు ఆ పూట తన చోట తమ్ముణ్ణి నిలబెట్టాడు.

"రే, చెయ్యి పట్టు. సూపించు. మాట మాత్రం నోట్లోంచి రాకూడదు. నీకు తెలీనిది గాదు."

"తెలుసున్నా."

కుప్పయ్య అనే రైతు బెల్లం దిమ్మెలు దించి పక్కన కూర్చున్నాడు. కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తుండుగుడ్డ కింద దళారి చెయ్యి పట్టుకుని, వేళ్లు నొక్కి తమ ధర చెబుతారు. ఒకరు చెప్పింది మరొకరికి తెలియదు. అందరిదీ అయ్యాక ఎక్కువ చెప్పినవాడి ధరను దళారి గట్టిగా చాటుతాడు. ఎదుటివాడెంత అన్నాడో తెలియదు గనకనే ప్రతివాడూ తాను ఇవ్వగలిగినంతా ఇస్తాడన్నది ఏకాంబరం సిద్ధాంతం.

ముందుగా గోవిందస్వామి అనే పెద్ద వ్యాపారి వచ్చి వేళ్లు నొక్కి పక్కకు జరిగాడు.

"ఎంత?" అన్నారు సుందరరాజుగారు.

"బేరం కానీండి సార్, మా అన్న చాటుతాడు."

"అది ఆఖరి ధర. నడుమ ఎవరెంత అన్నారన్నదే కదా మీ వాదం? తర్వాత చెబితే కల్పించారనరూ? పరీక్షకులు సరిచూసుకోలేనిది ఆధారం కాదు. నిబంధన అలా ఉంది." ఆయన గడియారం చూసుకున్నారు.

ఏకాంబరం అన్నవైపు చూశాడు. తర్వాత, తరగతిలో పిల్లలకు చెప్పినంత స్పష్టంగా, ఆ ధర చెప్పేశాడు.

మండీలో ఉన్నవాళ్లంతా విన్నారు.

తర్వాత వచ్చినవాళ్లు గోవిందస్వామి ధర మీద రవంత వేసి ఊరుకున్నారు. అంతకు మించి ఇవ్వాల్సిన అవసరం ఎవరికుంది? కుప్పయ్య దిమ్మెల మీద చెయ్యి వేసుకుని లేచాడు. "నా నోట్లో మన్ను కొట్టినావు గదప్పా" అన్నాడు. గోవిందస్వామి తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "దేవరాజులూ, నీ అంగట్లో ఇంక చెయ్యి పెట్టను. మీ ఇంటోళ్లకు నోరు నిలవదు."

బండి ఎక్కబోతూ సుందరరాజుగారు మెల్లగా అన్నారు: "మీ సిద్ధాంతం నిజమేనని కళ్లారా చూశాను. కానీ మిమ్మల్ని ఇక ఈ మండీలోకి ఎవరు రానిస్తారు? రెండేళ్లు ఆధారాలు సేకరించి చూపాలి. ఎలా రాసివ్వను?"

మర్నాటి నుంచి బండ్లు దేవరాజులు అంగడి ముందు ఆగలేదు. ఏకాంబరం మండీ గేటు దగ్గర నిలబడేవాడు. ఎద్దు నాడి చూడమనేవాళ్లు ఎవరూ లేరు. అక్కడైనా ఆధారాలు దొరుకుతాయేమోనని పుంగనూరు సంతకు పోయాడు. వార్త అతనికన్నా ముందే చేరింది. కుప్పయ్య ఊరికి పోయి కాళ్లు పట్టుకోబోతే, ఆ రైతు మజ్జిగిచ్చి, "ఎండగా ఉండాది, తాగి పో" అని మాత్రం అన్నాడట.

ఒకసారి నేను వాళ్లింటికి వెళ్లేసరికి అన్నదమ్ములు భోజనానికి కూర్చునున్నారు. అంగట్లోని కాటా ఇంటి మూలకు చేరింది.

"అన్నా, ఒక్క మాట తిట్టన్నా."

"తిడితే బండ్లు తిరిగొస్తాయా? అన్నం సల్లారిపోతాది, తిను."

ఏకాంబరం ముద్ద కలిపాడు. నోటిదాకా పోలేదు. నేనున్నానని కూడా చూడకుండా చాలాసేపు ఆ ముద్దనే కలుపుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత వారం తిరక్కముందే, బడిలో రెండో గంట కొట్టాక, పక్కగదిలో అతని గొంతు ఆగిపోయింది. పిల్లలు గోల చేస్తారేమోనని చూశాను. చెయ్యలేదు. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి అతను వరండాలోకొచ్చి నా కిటికీ ముందునుంచే నడిచాడు. వేళ్లకు సుద్ద అలాగే ఉంది.

"యాడికప్పా?" అన్నాను. చెయ్యెత్తాను కూడా.

తల తిప్పలేదు. గేటు దాటి, మండీ వైపు కాకుండా, రైలు స్టేషను దారి పట్టాడు. నేనతన్ని చూడటం అదే ఆఖరు.