మూడు నిమిషాల్లో మేక

ఏ సంగతైనా దాని పుట్టుక నుంచి ఎత్తుకుంటే తప్ప పరస్కేవాస్‌కి నోరు పెగలదు. గ్రీసులో మా యానినా ఊరి ఆస్పత్రిలో డాక్టరు నొప్పెక్కడని అడిగితే తాతగారి కడుపు దగ్గర అందుకున్నాడు. ఈ బస్సు కోటకి వెళ్తుందా అని అడిగిన పాపానికి ఒక ముసలావిడ కోటకి పునాదులు ఎవరు వేశారో విన్నది. బస్సు మాత్రం వినలేదు, వెళ్ళిపోయింది. భోజనాల దగ్గర అతన్ని ఉప్పు అందించమనే సాహసం మేమెవరమూ చెయ్యం. లేచివెళ్ళి పక్క టేబుల్ మీంచి తెచ్చుకుంటాం.

అలాంటివాడు మూడు నిమిషాల పోటీకి పేరిచ్చాడు. పరిశోధక విద్యార్థులం మా పనేమిటో ఊరి జనానికి ఆ కాస్త సేపట్లో చెప్పాలి. గంట మోగాక మాట్లాడితే అవుట్. పిలిచినప్పుడు స్టేజీ మీద లేకపోయినా అవుటే. చదువు సామాన్యుడికి చేరాలని పెద్దలు ముందుగా ఉపన్యాసాలిస్తారు. వాటికి గంట ఉండదు.

పీపాల్లో ఉప్పునీట ఊరే ఫెతా చీజ్ కొన్నిసార్లు ఎందుకు చేదెక్కుతుందో పరస్కేవాస్ కనిపెట్టాడు. మాకు తర్ఫీదిచ్చే అమలియా మేడమ్ ముందు నిలబడి, మనిషి మొట్టమొదట మేకని ఎలా మచ్చిక చేసుకున్నాడో మొదలుపెట్టాడు. గంట మోగేసరికి మేక ఇంకా కొండమీదే ఉంది. మరుసటి వారానికి కొండ దిగింది. "నాయనా, పాలెప్పుడు పితుకుతావు?" అందావిడ. మొత్తానికి తిట్టీ బతిమాలీ మేకని మానిపించింది. అతను గంటకి ముందే ముగించి దిగిన రోజున ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది.

నిజంగా గెలవాల్సిన అవసరం మాత్రం మిర్తోది. సరస్సులో చేపల మీద పనిచేస్తోంది. స్కాలర్‌షిప్ అయిపోయింది. మొదటి బహుమతి ఇంకో ఏడాది స్కాలర్‌షిప్. అది రాకపోతే కస్తోరియా వెళ్ళి మేనమామ కార్ఖానాలో తోలు కోట్లకి లోపలి గుడ్డ కుట్టుకోవాలి.

పోటీలో మిర్తో వంతు పరస్కేవాస్ తర్వాత. అతను స్టేజీ ఎక్కగానే ఆమె మొహం పాలిపోయింది, బాత్రూంలోకి పరిగెత్తింది. వెనకే వెళ్ళాను. ఒకటే వాంతులు.

"నావల్ల కాదే. నా పేరు కొట్టేయమను."

నీళ్ళ సీసా చేతికిచ్చి తెర పక్కకి పరిగెత్తుకొచ్చాను. పరస్కేవాస్ అద్భుతంగా చెప్తున్నాడు. చివరి వాక్యంలో ఉన్నాడు. ఇంతకీ ఆ చేదుకి కారణం, అంటూ తెర వైపు చూశాడు. మిర్తో ఉండాల్సిన చోట నేనున్నాను. రాలేదని తల అడ్డంగా ఊపాను.

అతను గొంతు సవరించుకున్నాడు.

"అయితే ముందు మేక సంగతి చెప్పుకోవాలి."

గంట మోగింది. ఈ గంట కూడా మొదట్లో మేక మెడలోదేనని పరస్కేవాస్ ఆ దారి పట్టాడు. మైకు కట్టేస్తే అరిచి చెప్పాడు. ఇద్దరొచ్చి రెక్కలు పట్టుకుంటే, మేకని కూడా మొదట ఇలాగే లాగబోయారనీ, లాభం లేకపోయిందనీ చెప్పాడు. హాలంతా ఒకటే నవ్వు. ఆ నవ్వు బాత్రూం దాకా వెళ్ళినట్టుంది, ఏమిటా అని మిర్తో మూతి తుడుచుకుంటూ వచ్చింది. చూసి తనూ నవ్వింది.

ఆమె కనబడగానే పరస్కేవాస్ మాట మధ్యలో ఆపి బుద్ధిగా దిగిపోయాడు. అవుటని ప్రకటించారు. మెట్ల దగ్గరే అమలియా మేడమ్ పట్టుకుంది.

"ఒక్క వాక్యంరా. ఒక్క వాక్యం మిగిలింది."

"దానికేముందండీ, వచ్చే ఏడాది చెప్తాను. వచ్చే ఏడాదికి మిర్తో ఇక్కడ ఉండొద్దూ?"

బహుమతి మిర్తోకే వచ్చింది. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం అది కాదు. ఆమె మాట్లాడ్డం మొదలుపెట్టగానే, పరస్కేవాస్ పక్కన కూర్చున్న చీజ్ కొట్టాయన అతని మీదికి వంగి, ఇంతకీ ఆ చేదు దేనివల్లయ్యా, మా పీపాలు రెండు పాడైపోయాయి అని బతిమాలాడు. పరస్కేవాస్ స్టేజీ మీంచి చూపు తిప్పకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క ముక్కలో జవాబు చెప్పాడు.

"ష్."