ఆమెకు వేసిన ఆఖరి రంగు

ఉత్తరాదిన, వైశాలిలో మా ఫ్లాట్ ముందు గదినే బ్యూటీ పార్లర్‌గా మార్చుకుని నడుపుతున్న రోజులవి. మెట్రో ఇంకా మా వైపు రాలేదు. మా చర్చికి వచ్చే ఒక నర్సమ్మ, గుంటూరు వైపావిడ, నెలనెలా నా దగ్గరే జుట్టుకు రంగు వేయించుకునేది. ఆ చలికాలం జబ్బుపడి, చాన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది. శవాన్ని ఇంటికి తెచ్చిన పొద్దున ఆవిడ కూతురు నా తలుపు తట్టింది.

"ఆంటీ, మమ్మీ జుట్టు మొత్తం తెల్లగా అయిపోయింది. అలా పంపించలేను. ఒక్కసారి రంగు వేస్తారా, ప్లీజ్?"

కాదనలేకపోయాను.

వాళ్ల పడకగది కిటికీ అవతల పొగమంచు తప్ప ఏమీ లేదు. హాల్లో చర్చివాళ్లు సన్నగా పాడుతున్నారు. గిన్నెలో రంగు కలుపుతూ, కోర్సులో మా టీచరు చెప్పినవి గుర్తు చేసుకుని ధైర్యం తెచ్చుకున్నాను. పైకి కనబడే వెంట్రుకలో ప్రాణమంటూ ఉండదు. దాని మీద చేప పొలుసుల్లాంటి పొర, లోపల రంగు ఉండే పొర. అమోనియా ఆ పొలుసుల్ని లేపితే రంగు లోపలికి దూరి, అక్కడే గట్టిపడి ఉండిపోతుంది. ఎవరి వెంట్రుకైనా ఒకటే.

బ్రష్ ఆనించాను. పాపిడి దగ్గర చర్మం గ్లవ్స్‌లోంచి కూడా మంచుగడ్డలా తగిలింది. "మెల్లగా అమ్మాయ్, చల్లగా ఉంది" అనేది ఆవిడ ఎప్పుడూ. ఆ మాట కోసం నా చెయ్యి ఆగింది.

తలకు పాలిథిన్ కవరు చుట్టాను. కూతురు పక్కన కూర్చుని, తల్లి తల మీద చెయ్యి వేసి, కదలకుండా ఉండిపోయింది. అలవాటైన సమయానికి కవరు తీశాను.

జుట్టు బూడిదరంగు దాటలేదు. ఒక్కచోట తప్ప. నుదుటికి పైన, జుట్టులో నల్లగా ఒక అరచెయ్యి, అయిదు వేళ్లూ విడివిడిగా.

"ఆంటీ, యే క్యా హై? ఏంటిది?"

వంగి దగ్గరగా చూశాను. అప్పుడు తట్టింది. రంగు పండటానికి వేడి కావాలి. మామూలుగా తల వేడికే కుదుళ్లు ముందుగా నల్లబడతాయి. ఈ తలలో ఆ వేడి లేదు. అమ్మాయి చెయ్యి తాకినంత మేరే పండింది.

"అది నీ చేతి వేడి, తల్లీ."

ఆమె తన అరచేతిని చాలాసేపు చూసుకుంది. "డ్రయ్యర్ పెడదామా?" అన్నాను.

"లైట్ నహీ హై, ఆంటీ, కరెంటు పోయింది. చేతులే పెడదాం."

మళ్లీ కవరు కప్పి, ఇద్దరం నాలుగు అరచేతులూ ఆనించాం. చల్లబడినప్పుడల్లా రుద్దుకుని మళ్లీ పెట్టాం. మా ఒంట్లోంచి ఏదో ఆవిడలోకి దిగిపోతున్నట్టే అనిపించింది. నేను ఆవిడ ముఖం వైపు చూడలేదు.

జుట్టంతా నల్లబడింది. తడిబట్టతో తుడిచి, దువ్వి, హాల్లోకి కబురు పెట్టాం. ముందుగా వచ్చిన పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత మెల్లగా దగ్గరికొచ్చి, వంగి, ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"లేదులే" అంది మాతో. ఆ వేలు మాత్రం వెంటనే తియ్యలేదు.