నా పేపరుకు కట్టిన గ్రాఫు

పదో తరగతిలో రాసుకున్న డైరీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రైల్వేలో గార్డుగా పనిచేసే మా నాన్న తెచ్చిచ్చిన పాత రిజిస్టరు అది. కాగితానికి ఒకవైపు బండ్ల టైములు, రెండోవైపు ఖాళీ. ఆ ఖాళీవైపు నేను రాసుకునేదాన్ని. నలుగురిలో నోరు విప్పని పిల్లకు రాసుకోవడానికి చాలా ఉంటుంది. ఏ రోజు ఏ పాఠం అయింది, తెలుగు టీచరు ఎవరిచేత పద్యం అప్పజెప్పించుకుంది, లైబ్రరీ బీరువా తాళం దొరికిన రోజున ఏ పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను, అన్నీ ఉన్నాయి. అర్ధ సంవత్సర పరీక్షల లెక్కల పేపర్లు ఇచ్చిన రోజు మాత్రం ఒకే ముక్క రాసి ఉంది: "లెక్కల్లో ఎనభై ఎనిమిది. ఫస్టు." దాని కింద పేజీ అంతా ఖాళీ.

మేము కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. పొద్దున ప్యాసింజరెక్కి వరంగల్ స్టేషన్లో దిగి, ఆడపిల్లల హైస్కూలుకు నడిచి వెళ్ళేదాన్ని. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయిది కొత్తవాడ. వాళ్ళింట్లో జంపఖానాలు నేసేవారు. బుధవారం నూలుకు రంగు అద్దే రోజు కాబట్టి తను బడికి వచ్చేది కాదు. గురువారం నా నోట్సు తీసుకుని అన్నం బెల్లు కొట్టేలోపు మొత్తం ఎక్కించుకునేది. మూడేళ్ళు అలా నా నోట్సు చూసి రాసీ రాసీ, తన చేతిరాత అచ్చం నా రాతలాగే తయారైంది. ఒకసారి తెలుగు టీచరు మా ఇద్దరి నోట్సులూ పక్కపక్కన పెట్టుకుని, "ఇందులో ఏది ఎవరిదే?" అని అడిగింది.

"రంగు మరకలున్నది నాది టీచర్" అంది తను. క్లాసంతా నవ్వింది. టీచరు కూడా నవ్వింది.

తనకు హిందీ సులువు. నూలు సేటుతో ఉర్దూలో బేరమాడే ఇల్లు వాళ్ళది. సోషల్‌లో దేశపటం ఇస్తే నదులన్నీ కళ్ళు మూసుకుని గుర్తించేది. ఇంగ్లీషు గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేది. సైన్సు ఎలాగో గట్టెక్కేది. లెక్కలే రాలేదు. అల్జీబ్రా సూత్రం ఇవాళ చెబితే రేపటికి ఉండేది కాదు. కానీ గ్రాఫు వేయడంలో క్లాసులో ఎవరూ తన దరిదాపుల్లోకి వచ్చేవారు కాదు. చిన్నప్పటినుంచీ జంపఖానా చారలకు పోగులు లెక్కపెట్టిన కళ్ళు కదా, గడుల మీద వేలు ఆనించకుండానే బిందువు పెట్టేది. నాకు మిగిలిన లెక్కలన్నీ వచ్చేవి, గ్రాఫు ఒక్కటే రాదు. వంపు దగ్గరికి వచ్చేసరికి నా గీత విరిగేది.

"గట్లెందుకు గుంజుతవే పెన్సిల్‌ను? జర వదులు. అదే పోతది" అని నా చెయ్యి పట్టుకుని తిప్పేది.

తనకు మరో పని కూడా వచ్చు. పరీక్షల్లో అదనపు కాగితాలు తీసుకుంటే అసలు పేపరుకు దారంతో కట్టాలి. బడిలో ఇచ్చే పురికొస ఊడిపోయేది. తను ఇంటినుంచి నూలు తెచ్చి, మగ్గం మీద తెగిన పోగును అతికినట్టు ముడి వేసేది. ఆ ముడి లాగినా రాదు. అందుకని ప్రతి పరీక్షలో బెల్లు కొట్టే ముందు చుట్టుపక్కల వాళ్ళమంతా మా కాగితాలు తన డెస్కు మీద పడేసేవాళ్ళం. సార్లు కూడా ఏమీ అనేవారు కాదు. వాళ్ళకూ దిద్దేటప్పుడు కాగితాలు చెదరకుండా ఉండేవి.

ఆ సంవత్సరం అర్ధ సంవత్సర పరీక్షల ముందు తను నాతో ఒక మాట చెప్పింది. పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపే ఫారం మీద తండ్రి సంతకం కావాలి.

"ఆరిట్ల ఆరు పాసైతేనే పెడ్తడట మా నాయిన. ఒక్కటి పోయినా మగ్గమే అన్నడు."

"మీ నాయిన మంచోడే గద?"

"మంచోడే. గాకపోతే ఏడో తరగతిలనే ఆపుతుండె. మా అమ్మకు దగ్గు తక్కువైతలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టెటోళ్ళు లేరు."

లెక్కల పరీక్ష రోజు తను నా వెనక కూర్చుంది. చివరి పదినిమిషాలు నాకు బాగా గుర్తు. పదిహేడో ప్రశ్న గ్రాఫు. నేను దాన్ని ముట్టుకోలేదు. వెనక తన స్కేలు చప్పుడు మాత్రం వినిపిస్తోంది. బెల్లు కొట్టారు. నా కాగితాలు వెనక్కి ఇచ్చాను. పక్కవరసలో ఇద్దరు కూడా ఇచ్చారు. "కట్టు కట్టు, సారొస్తాండు" అని ఒకటే తొందర. సారు వచ్చి కట్టలన్నీ లాక్కుని వెళ్ళిపోయారు.

సెలవులు అయ్యాక పేపర్లు ఇచ్చారు. అప్పటికి తను అయిదు సబ్జెక్టుల్లో పాసైంది. సోషల్‌లో అరవై రెండు వచ్చాయి. ఆ రోజు లెక్కల సారు ముందుగా నా పేరు పిలిచారు. "ఎనభై ఎనిమిది. చూసి నేర్చుకోండ్రి" అన్నారు. రెండో అమ్మాయికి ఎనభై రెండు. యాన్యువల్ డే నాడు ప్రతి సబ్జెక్టులో ఫస్టు వచ్చినవాళ్ళకు స్టేజీ మీద బహుమతి ఇచ్చేవాళ్ళు. అప్పటికి నేను ఏ స్టేజీ మీదికీ ఎక్కలేదు.

కూర్చుని పేజీలు తిప్పాను. చివర గ్రాఫు కాగితం ఉంది. దాని మీద రోల్ నంబరు లేదు. మూల "స్కేలు" అని రాసిన అక్షరాలు నావిలాగే ఉన్నాయి, నావి కావు. వంపు ఎక్కడా విరగకుండా కింది నుంచి పైకి వెళ్ళింది. ప్రశ్న నంబరు పదిహేడు చుట్టూ ఎర్ర సిరా గీత, పక్కన ఎనిమిది మార్కులు. ఆ తొందరలో తను తన గ్రాఫును నా పేపరుకు కట్టేసింది.

ఎనభై ఎనిమిదిలోంచి ఎనిమిది తీసి చూసుకున్నాను. ఆ లెక్క మనసులో ఎంత త్వరగా అయిపోయిందో ఇప్పటికీ చెప్పుకోలేను. అప్పటికింకా తన పేపరు ఇవ్వలేదు.

తరువాత తనను పిలిచారు. ఇరవై తొమ్మిది. పాసు మార్కు ముప్పై అయిదు.

"సార్, గ్రాఫుకు మార్కులు పడలే సార్."

"ఏది గ్రాఫు? ఉంటే గద పడేది."

"వేసిన సార్. నిజంగ వేసిన. దారం గూడ కట్టిన."

"క్లాసుల అందరి పేపర్లకు నువ్వే కడ్తవు. నీ ఒక్కదానిదే ఊడిపోయిందా?" అన్నారు సారు. అందరూ నవ్వారు. "లేనిదానికి మార్కులు ఎక్కడికెళ్ళి ఇయ్యాలె? పో, కూసో."

తను వచ్చి నా పక్కన కూర్చుంది. నేను గ్రాఫు మీద అరచెయ్యి పెట్టుకుని ఉన్నాను. నిలబడాలనుకున్నాను. నిలబడి "సార్" అంటే చాలు. నాకు సిగ్గని, సార్లతో మాట్లాడనని అందరికీ తెలుసు. ఆ సిగ్గే నన్ను ఆపిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కానీ స్టేజీ ఎక్కడానికి సిగ్గుపడలేదు నేను.

మధ్యాహ్నం తను టిఫిను డబ్బా తెరిచింది. అన్నం, పచ్చిపులుసు. రోజూలాగే మూతలో నాకు కొంచెం పెట్టింది. తిన్నాను.

మరునాడు కూడా తను వచ్చింది. ఆ తరువాతి రోజునుంచి రాలేదు.

మూడో ఆదివారం పేపరు సంచిలో పెట్టుకుని కొత్తవాడ వెళ్ళాను. లైబ్రరీకని ఇంట్లో అబద్ధం చెప్పాను. వాళ్ళ నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నేనెవరో చెప్పగానే చెయ్యి ఆపాడు.

"ఫస్టొచ్చే పిల్లవా? రోజు నీ ముచ్చట్నే చెప్పేది బిడ్డా. కూసో, చాయ్ తాగి పో." తరువాత మగ్గం వైపు చూస్తూ అన్నాడు, "ఆరు మార్కులకు పోయింది. అన్నిట్ల పాసై, ఆరు మార్కులకు. ఇగ దాని నసీబు."

తను వెనక దొడ్డిలో ఉంది. ఆరేసిన ఎర్ర నూలు పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుతోంది. లోపలినుంచి వాళ్ళమ్మ దగ్గు వినిపిస్తోంది. పేపరు తీసి చేతికిచ్చాను. తను చివరి పేజీ తిప్పలేదు. మూలనున్న ముడి చూసింది.

"ఎర్కే" అంది.

"ఎప్పటిసంది?"

"ఆ రోజే. నీ చెయ్యి అంత పెద్దది గాదు గద. చెయ్యి కిందనుంచి నా గీత కనవడ్డది."

"మరి సార్‌కు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవనుకున్న."

రాట్నం తిరుగుతూనే ఉంది. పోగు సరిచేసుకుంటూ అంది, "అన్నం తినేటప్పుడు గూడ అనుకున్న. తెల్లారి గూడ అనుకున్న."

"రేపు చెప్త. పెద్ద టీచర్ దగ్గరికి గూడ పోత."

"పబ్లిక్‌కు పేర్లు పోయినయట. మా నాయిన పోయి అడిగొచ్చిండు." తను ముడి దగ్గర గోరు పెట్టి ఒక్కసారి నెట్టింది. లాగినా రాని ముడి విడిపోయింది. గ్రాఫు కాగితం తీసి మడిచి తన దగ్గర పెట్టుకుంది. మిగతా పేపరు నాకిచ్చింది. "నాది నాకుండనియ్యి. నీది నువ్వు తీస్కపో."

చాయ్ తాగకుండా వచ్చేశాను.

సోమవారం స్టాఫ్ రూముకు వెళ్ళాను. ఒంటరిగా అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. లెక్కల సారు టీ తాగుతున్నారు. నా పేపరులో ఉన్న గ్రాఫు నాది కాదని, తనదని చెప్పాను. ఎక్కడా ఆగకుండా చెప్పాను.

సారు పేపరు తిరగేశారు. "ఏది గ్రాఫు?"

"ఆమె దగ్గరున్నది సార్. తీస్కున్నది."

"గ్రాఫు లేకుంట వచ్చి గ్రాఫు ముచ్చట చెప్తవేంది?" ఆయన మొదటి పేజీ మీద వేలు పెట్టి చూపించారు. "ఇగో, పదిహేడుకు ఎనిమిది. నేనే వేసిన. మార్కు పడ్డదంటే గ్రాఫు ఉన్నట్టే."

"గా పిల్లకు అన్యాయమైంది సార్."

"లిస్టు పోయి వారమైంది. ప్రైజుల లిస్టు గూడ టైపయింది. ఇప్పుడు ఇవన్ని తవ్వితే ఎవ్వలికి లాభం?" కప్పు కింద పెట్టారు. కోపంగా కూడా అనలేదు. "మంచిగ చదువుకునే పిల్లవు. పో, క్లాసుకు పో."

యాన్యువల్ డే నాడు నా పేరు పిలిచారు. వెళ్ళాను. జామెట్రీ బాక్సు ఇచ్చారు. స్టేజీ మీద పరిచిన జంపఖానా ఎర్ర చారలవైపే చూస్తూ అందుకున్నాను.

మార్చిలో పబ్లిక్ పరీక్ష. తన పేరు జాబితాలోనే లేదు కాబట్టి హాల్లో తన కోసం ఖాళీ బెంచీ కూడా లేదు. నా వెనక ఎవరో వేరే బడి అమ్మాయి కూర్చుంది. లెక్కల పేపరులో గ్రాఫు వచ్చింది. పెన్సిలు వదులుగా పట్టుకుని వేశాను. వంపు విరగలేదు. బెల్లు కొట్టేముందు ఇన్విజిలేటరు పురికొస ముక్క ఇచ్చాడు. గ్రాఫు మీద హాల్ టికెట్ నంబరు రాసి, పేపరుకు నేనే కట్టాను. లాగి చూశాను, ఊడింది. మళ్ళీ కట్టాను. మళ్ళీ ఊడింది. ఆయన వచ్చి నా చేతిలోంచి కాగితాలు తీసుకునేదాకా కడుతూనే ఉన్నాను.