ఫౌంటెన్‌లో పసుపు గణపతి

సమస్త జలాశయాలకూ, వాటిని చుట్టిన ఇనుపకంచెలకూ, ఆ కంచెల వెంట ఈలలతో సంచరించే కాపలాదారులకూ తొలుత నమస్కరిస్తున్నాను. మాఘ శుద్ధ ద్వాదశి, ఆదివారం నాడు, భాగ్యనగరానికి పడమట, అద్దాల మేడల నీడలు తేలియాడే ఒక చెరువు గట్టున నేను చేసిన ఘనకార్యాన్ని ఇందుమూలంగా నివేదిస్తున్నాను. దాని ధాటికి ఒక ఫౌంటెనూ, ఒక తెల్లచొక్కా, జన్మమంతా కూడబెట్టిన నా పండిత ప్రతిష్ఠా ఏకకాలంలో రంగు మారాయి. గుండె దిటవు గలవారే ముందుకు సాగవలెను.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పటికి నేను అరవై దాటిన పసివాణ్ణి. తెనాలి వైపు ఒక కళాశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాక, నేనూ మా ఆవిడ కామేశ్వరీ మియాపూర్‌లో మా అమ్మాయి హారిక దగ్గరికి చేరాం. హారికది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అదే ఆఫీసులో పనిచేసే కడప అబ్బాయి ప్రవీణ్‌ను పెళ్ళాడతానంది. అబ్బాయి బంగారం. అతని తండ్రి సుబ్బరాయుడు గారు స్థలాల వ్యాపారి, ఆయనా సరేనన్నారు. ఇక మిగిలింది అబ్బాయి నాయనమ్మ ఓబులమ్మ గారు. ఆ ఇంట ఆవిడ మాటే శిలాశాసనం. "కోస్తావాళ్ళు మాటలతోనే మేడలు కడతారంట. కండ్లారా చూసినాకనే ఔనో కాదో చెప్తా" అన్నదట. ఆవిడ కాదంటే ఇక ఆ పెళ్ళి లేదు. ఇంట్లో చూపులంటే అందరూ బిగుసుకుపోతారు, ఆదివారం సాయంత్రం చెరువు గట్టున నడుస్తూ మాట్లాడుకుందామని పిల్లలు నిర్ణయించారు.

సంబంధం కుదరాలని ముందునాడు, భీష్మ ఏకాదశికి, మా ఆవిడ సత్యనారాయణ వ్రతం చేసింది. ఆదివారం బయలుదేరబోతుండగా ఒక గుడ్డసంచి నా చేతికిచ్చింది.

"ఏమిటిది?"

"నిన్నటి నిర్మాల్యమండీ. పూలు, తులసి, పసుపు గణపతి, కలశం మీది కొబ్బరికాయ. ఎలాగూ చెరువుకేగా వెళుతున్నాం, నీళ్ళలో కలిపేయండి. చెత్తబుట్టలో వేస్తే కళ్ళు పోతాయి."

"చిత్తం."

"ఇంకో మాట. ఆవిడ ముందు సమాసాలు విప్పకండి. మీరు నోరు మెదపకుండా ఉంటే పెళ్ళి దానంతటదే అవుతుంది."

పసుపు గణపతి అనగానే మీరు చిటికెనవేలంత ముద్దను ఊహించి ఉంటారు. మా ఇంటి గణపతులు అలా ఉండరు. కోరిక ఎంతదో గణపతీ అంతవాడు కావాలని మా ఆవిడ సిద్ధాంతం. ఆనాడు సంచిలో వేంచేసిన స్వామి చిన్న పనసకాయంత ఉన్నాడు.

పెళ్ళివారు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. తల్లీకూతుళ్ళను కాఫీ దుకాణంలో కూర్చోబెట్టి, సంచితో నేను ప్రదక్షిణం మొదలుపెట్టాను. ఒకప్పుడు గేదెలు దిగిన చెరువట. ఇప్పుడు దానికి రాతిబాట, సైకిళ్ళ బాట, పరుగెత్తేవారి బాట. మనుషులు కుక్కలను తీసుకుపోతున్నారో, కుక్కలు మనుషులను తీసుకుపోతున్నాయో పోల్చుకోలేకపోయాను. అన్నీ ఉన్నాయి గానీ, చెరువులోకి చెయ్యి పెట్టే చోటు మాత్రం లేదు. కంచె మీదుగా సంచి ఎత్తానో లేదో, ఈల మోగింది.

"ఏయ్ తాతా! ఏందది సంచిల?"

"నిర్మాల్యం, నాయనా."

"గదేంది?"

"దేవతార్చనానంతరం పరిత్యజింపబడిన పుష్పపత్రాదికం."

"జర తెలుగుల చెప్పు తాతా."

తెలుగు పండితుణ్ణి! నలుగురూ వినేలా అన్నాడు. "దేవుడి పూలు" అన్నాను, నేలచూపులు చూస్తూ.

"గట్ల చెప్పు మరి. చెరువుల ఏసుడు బంద్. నువ్వు పూలేస్తే నా నౌకరి పోతది."

మరికొంత దూరం నడిచి, ఒక మలుపులో మళ్ళీ సంచి ఎత్తాను. అదే ఈల. ఈసారి సైకిలెక్కి వచ్చాడు.

"మళ్ళ నువ్వేనా? ఏం పరేషాన్ జేస్తున్నవ్ తాతా! ఇంటికి తీస్కపోయి పూలకుండీల ఏస్కోరాదు?"

ఆ సలహాను శిరసావహించి ఉంటే మీకు ఈ వ్యాసం చదివే శ్రమ తప్పేది.

గట్టు చివర, నల్లరాతి పలకల నడుమ, మోకాలిలోతు నిర్మల జలం కనిపించింది. కంచె లేదు. కాపలా లేదు. అడుగున వరసగా గొట్టాల నోళ్ళు పైకి చూస్తున్నాయి. అవి కమలనాళాలే అనుకుని, చెక్కిన శిల్పి రసజ్ఞతకు మురిసిపోయాను. పూలు వదిలాను, తులసి వదిలాను, కొబ్బరికాయ దొర్లించాను, గణపతిని నీళ్ళలో మెత్తగా మెదిపి కలిపాను. ఉద్వాసన చెప్పేటప్పుడు "మళ్ళీ రావయ్యా స్వామీ" అని ప్రార్థించడం మన ఆచారం కదా. భక్తితో ప్రార్థించాను. స్వామి ఆ మాటను అంత త్వరగా మన్నిస్తాడని కలలోనైనా అనుకోలేదు.

పెళ్ళివారు వచ్చారు. సుబ్బరాయుడు గారు చొక్కా నుంచి చెప్పుల దాకా మల్లెపూవులా ఉన్నారు. ప్రవీణ్ వెంట రాగా, ఓబులమ్మ గారు చేతికర్రతో, న్యాయాధిపతి నడకతో వచ్చారు. నాలుగడుగులు నడిచాక "కాళ్ళు పీకుతాండాయి, యాడన్నా కూర్చుందాం" అన్నారు. కూర్చోవడానికి ఆ గట్టంతటిలో ఆవిడకు నచ్చిన చోటు ఏదో మీకు వేరే చెప్పాలా? సరిగ్గా నా కమలనాళాల ఎదుటి రాతిబల్ల!

"ఏమి సామీ, పిల్ల మాట్లాడె, తల్లి మాట్లాడె, నువ్వేంది ఉలకవు పలకవు?"

నేను మందహాసం చేశాను.

"సదువుకొన్నాయన గదా, మాతో మాట్లాడితే నామోషీ అనుకుంటా" అందావిడ కొడుకుతో. "ఇంత గర్వం ఉండేవాళ్ళతో మనకు కుదరదులేబ్బా. పా, పోదాం."

హారిక ముఖం పాలిపోయింది. మా ఆవిడ కళ్ళతోనే "ఏదో ఒకటి అనండి!" అని బతిమాలింది. నోరు తెరిచాను. సంధి కుదిరే మాట గొంతులోకి వస్తూ ఉండగా, ఎక్కడినుంచో సంగీతం మోగింది, దీపాలు వెలిగాయి, నా కమలనాళాలన్నీ ఒక్కసారిగా ఆకాశానికి ఎగజిమ్మాయి.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను వినాయకుణ్ణి కలపబోతే వసంతోత్సవం అయింది. పచ్చటి ధారలు! బంతిరేకుల వాన! నడిమి ధార నెత్తిన కలశం కొబ్బరికాయ గిరగిరా తిరుగుతూ నాట్యం చేస్తోంది. గాలి మావైపే వీచింది. సుబ్బరాయుడు గారు చూస్తుండగానే మల్లె నుంచి చామంతి అయ్యారు. జనం ఫోన్లెత్తి చిత్రీకరిస్తున్నారు. ఈల ఊదుకుంటూ కాపలాదారు పరుగెత్తుకొచ్చి యంత్రం ఆపించాడు. కొబ్బరికాయ వచ్చి మా ముందు పడింది. అతని చూపు నా ఖాళీ సంచి మీద పడింది.

"తాతా! గా పూలు యాడబోయినయ్?"

ఓబులమ్మ గారు ముఖం తుడుచుకుని నన్ను తేరిపార చూసింది. "నువ్వేనా సామీ? ఎందుకు జేస్తివి?"

"మీరు ఔనంటారని నిన్న వ్రతం చేశామమ్మా. ఆ గణపతే ఇది. ఇది చెరువనుకున్నాను." నా జీవితంలో సమాసం లేకుండా వరసగా మూడు వాక్యాలు మాట్లాడిన తొలి సందర్భం అదే.

ఆవిడ కర్ర పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. "గర్వమనుకుంటి. పాపం, అమాయకుడు! ఒరే సుబ్బా, నెత్తిన పసుపునీళ్ళు పడె, ముంగిట టెంకాయ పడె. తాంబూలాలకు ఇంగేం తక్కువ?" అంటూ కొబ్బరికాయను కొంగున వేసుకుంది.

"అమ్మా, శాస్త్రప్రకారం ఉద్వాసిత నారికేళం తాంబూల..." అని నేను అందుకునేంతలో మా ఆవిడ నా కాలు తొక్కింది. శాస్త్రం అక్కడితో సమాప్తం.

"పెండ్లి మీరు జేస్కోండ్రి, నీళ్ళెవలు సాఫ్ జేస్తరు?" అన్నాడు కాపలాదారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెతలో ఉన్న లోపం ఆనాడు తెలిసింది: కాలు కడిగే నీళ్ళలోనే అడుసు కలిపినవాడి గతి అందులో చెప్పలేదు. పంచె ఎగగట్టి దిగాను. వెనకనే నీళ్ళ చప్పుడు. సుబ్బరాయుడు గారు!

"నా చొక్కా ఎట్లా పాయె. ఆ మూల బంతిపూలు నేను ఏరతా, నువ్వు ఈ పక్క చూసుకో బావా."

బావా! వియ్యంకుడి నోట ఆ పిలుపు విన్నాకే నా ఊపిరి యథాస్థానానికి వచ్చింది.

కావున పాఠకుల సమక్షంలో, సమస్త ఫౌంటెన్లు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మా నిర్మాల్యం బాల్కనీలోని పూలకుండీ గడప దాటదు, అడుగున గొట్టాలున్నాయో లేదో తడిమి చూడనిదే గంగమ్మకైనా నమస్కరించను.

ఆ ఏడే ఫాల్గుణ శుద్ధ పంచమి నాడు కడపలో హారికా ప్రవీణ్‌ల పెళ్ళి జరిగింది. సుబ్బరాయుడు గారు ఆ చొక్కాతోనే వచ్చారు.