జాజు పోసిన బల్ల

సూరత్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే గోడాదరాలో మా గల్లీవాళ్లు నన్ను కలర్ మాస్టర్ అని పిలిచేవారు. నేను సరిదిద్దేవాణ్ణి కాదు. కడోదరా దగ్గర రంగుల మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాను, నా చెయ్యి పడని గులాబీ చీర సూరత్ దాటి పోలేదని పెళ్లిళ్లలో చెప్పుకునేవాణ్ణి. అసలు సంగతేమిటంటే, మాస్టర్ వేరే ఉండేవాడు. ఆయన చీటీ రాసిస్తే ఆ రంగుపొడిని వేడినీళ్లలో ఉండలు లేకుండా కలిపి బకెట్ అందించడం నా పని. కలిపే కర్ర నాది, లెక్క ఆయనది.

ఈ గొప్పలు కరోనా కాలంలో మా ఇంట్లోనే నాకు అడ్డం తిరిగాయి.

మొదటి లాక్‌డౌన్ సడలించాక వచ్చిన వానాకాలం అది. కొడుకు పనిచేసే మగ్గాల కార్ఖానా మూతపడి నెలలయింది. కోడలు ముందుగది కిటికీలోంచి ఇడ్లీ, ఉప్మా అమ్మడం మొదలుపెట్టింది. కిటికీకి బల్లగా కొడుకు ఒక పలక తెచ్చి బిగించాడు. విదేశం నుంచి మగ్గాలు వచ్చిన పెట్టె తాలూకు చెక్క, తెల్లటి తేలిక కర్ర. కొమ్మ మొలిచిన చోటల్లా నల్లటి ముడులు. పలక ఎండేసరికి మూడు ముడులు ఊడిపోయి, రూపాయి బిళ్లంతేసి బొక్కలు మూడు మిగిలాయి.

వాటి అంచుల్లో చట్నీ చేరింది. ఎంత తుడిచినా ఒక నల్లటి చార మిగిలేది. ఒక పొద్దున పై అంతస్తులోని మరాఠీ ఆవిడ డబ్బా పట్టుకొని వచ్చి, బొక్క అంచును గోటితో గీకి చూసి, డబ్బాకు మూతపెట్టుకొని వెళ్లిపోయింది. మనుషులు ఒకరినొకరు తాకడానికే జంకుతున్న రోజులు, తిండి దగ్గర మురికి చూస్తే ఆగుతారా? మర్నాటి నుంచి ఆ మెట్లు దిగి ఎవరూ రాలేదు.

ఇంతలో గురువారం నుంచి కార్ఖానాలు తెరుస్తారని కబురొచ్చింది. పొద్దున షిఫ్టుకు పోయేవాళ్లంతా మా కిటికీ ముందు నుంచే పోవాలి. ఆ మొదటి రోజు మొహం తిప్పుకున్నవాళ్లు మళ్లీ ఈ వైపు చూడరని కోడలి భయం. ఇంట్లో పొయ్యి వెలగడానికి అప్పట్లో ఆ కిటికీ తప్ప వేరే దారి లేదు.

ఎపాక్సీ, అదే పోశాక రాయిలా గట్టిపడే జిగురు, పోస్తే సరి అన్నాను. ఒక సేఠ్ ఇంట్లో టేకు బల్లకు ఇలాంటి బొక్కలు ఇరవై పూడ్చాననీ, రంగు కలిపి పోస్తే చూసినవాళ్లు కెంపులు పొదిగారనుకున్నారనీ చెప్పాను. మా ఇంటామె బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "ఏ సేఠయ్యా? నాకు ఎరుక లేని సేఠ్ ఎవలుండె నీకు?" అంది. నేను వినపడనట్టు లేచిపోయాను. సేఠూ లేడు, టేకు బల్లా లేదు. ఫోన్‌లో ఒక వీడియో చూశాను. అదీ సగమే, డేటా అయిపోయింది.

నవాగామ్‌లో వంటగదులకు గ్రానైట్ గట్లు బిగించే తెలిసినతను మిగిలిన సీసాలు రెండు ఇచ్చాడు. ఒకదానిలో తేనెలా చిక్కటి ద్రవం, రెండోదానిలో దాన్ని గట్టిపరిచే ద్రవం. మొదటిది రెండు పాళ్లు, రెండోది ఒక పాలు. ఆదివారం పలక ఊడదీసి, బొక్కల్లోని పొట్టును స్క్రూడ్రైవర్‌తో గీకి, అడుగున టేపు అంటించి, దగ్గుమందు మూతతో కొలిచాను. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు. తర్వాత రంగు. మిల్లు నుంచి ఎప్పుడో తెచ్చుకున్న ఎర్రపొడి డబ్బాలో ఉంది. పొడిని పొడిగా వేస్తే మచ్చలు పడతాయి, ముందు వేడినీళ్లలో ముద్ద చెయ్యాలి. ముప్పై ఏళ్లు అదే చేశాను, కొత్తవాళ్లను ఆ మాట మీదే తిట్టాను. చెంచాడు వేడినీళ్లతో ముద్ద చేసి ఎపాక్సీలో కలిపాను. మందారపువ్వు రంగు వచ్చింది. నాకే ముచ్చటేసింది. బొక్కల్లో పోసి ఆరబెట్టాను.

సోమవారం వేలు పెడితే మీగడలా ఉంది. మంగళవారం కూడా అంతే, పైగా వేలు ఎర్రబడింది. వాన తేమ అన్నాను. గ్రానైట్ అతను పాత సరుకు అంటగట్టాడన్నాను. కోడలు పలక ముందు గొంతుక్కూర్చొని వేలితో నొక్కి చూసింది.

"మామా, నిజం చెప్పు. గీ పని ఇంతకుముందు చేసినవా?"

"లే బిడ్డా."

"మరి సేఠ్?"

"సేఠ్ లేడు, గీఠ్ లేడు. ఫోన్‌ల చూసిన."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మొదటి నుంచి ఏం చేశావో వరసగా చెప్పమంది. వేడినీళ్ల దగ్గరికి రాగానే ఆపి, సీసా తిప్పి హిందీలో ఉన్న చిన్న అక్షరాలు చదివింది. నీళ్లు తగలనివ్వొద్దని రాసుందట. సీసా మీద రాసింది చదవడం మా మిల్లులో మాస్టర్ పని. ఆ సంగతీ ఒప్పుకున్నాను, నేను మాస్టర్‌ను కాదు, బకెట్ మనిషినని. "గది నాకు పెండ్లైన నెలకే ఎరుక," అంది. అత్త చెప్పిందట.

ఇద్దరం కలిసి ఆ జిగురంతా గీకి తీశాం. మిగిలినదాన్ని శానిటైజర్‌లో ముంచిన గుడ్డతో తుడిచాం, ఆ ఏడాది ఇంట్లో దానికి కొదవలేదు. బట్టల రంగు తిండి దగ్గర వద్దంది కోడలు. లోపలికి పోయి, గడపకు పూసే జాజు పొట్లం తెచ్చింది. ఎర్రమట్టి, పొడిపొడిగా ఉంది.

"గిట్లనే ఎయ్యాలె," అంది.

రెండు సీసాల్లో మిగిలినది మళ్లీ కొలిచాను, కానీ పొడిని పొడిగా వెయ్యడానికి నా చెయ్యి రాలేదు. ఆమే కొంచెం కొంచెం చల్లింది, నేను కలిపాను. కలపడం మాత్రం నాకు నిజంగానే వచ్చు. బుడగ లేవకుండా, ఉండ కట్టకుండా, నిమ్మళంగా కలిపాను. బొక్కల్లో అంచుకు కాస్త పైకి పోసి, పైకి తేలిన ఒకటి రెండు బుడగలను లైటర్ వేడికి పగలగొట్టాం.

బుధవారం సాయంత్రానికి రాయిలా బిగిసింది. మాస్కులు కట్టుకొని ఉప్పుకాయితంతో పలక మట్టానికి అరగదీశాం. కోడలు కళ్లు మూసుకొని అరచెయ్యి ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపింది. మూడు చోట్లలో ఒక్కచోట కూడా చెయ్యి ఆగలేదు.

గురువారం మొదట వచ్చినవాడు కరీంనగర్ వైపు మగ్గం మనిషి. ప్లేటు అందుకొని, "గీ ఎర్రటియి ఏందక్కా?" అని అడిగాడు.

"జాజు. మా మామ పోసిండు. ఒకపారి చెడగొట్టిండు, రెండోపారి మంచిగ పోసిండు."

అతను నవ్వి ఇంకో రెండు ఇడ్లీలు వెయ్యమన్నాడు. చిందిన సాంబారును ఆమె గుడ్డతో ఒక్కసారి తుడిచింది. చార కూడా మిగల్లేదు. ఆ పొద్దున మా కిటికీ ముందు వరస గల్లీ మలుపు దాకా ఉందని తర్వాత చాలామందికి చెప్పాను. అబద్ధం కాదు. అయితే మనిషికీ మనిషికీ మధ్య రెండేసి గజాలు వదిలి నిలబడేవారు. ఉన్నది తొమ్మిది మందే. శుక్రవారం పద్నాలుగు మంది వచ్చారు.